మగ్గం గుంటలో నీళ్లు

పణజి,
12 జూన్ 2011

తాతా,

ఫోన్లో నీతో మాట్లాడటం నా వల్ల కాదు. నేనొకటి అడుగుతాను, నువ్వు "ఆఁ, మంచిదే బిడ్డా" అనేసి ఫోన్ అమ్మ చేతికి ఇచ్చేస్తావు. వినపడలేదని నాకు తెలుసు. వినపడినట్టు నటిస్తున్నావని అమ్మకూ తెలుసు. చెవిమిషను పెట్టుకోమంటే అలుగుతావు. అందుకని ఇకనుంచి ఉత్తరాలే. నీ చేతిరాత నాకంటే బాగుంటుంది కాబట్టి నీకు అభ్యంతరం ఉండకూడదు.

నేను గోవాలో చేసే ఉద్యోగం ఏమిటని పార్కులో ఎవరో అడిగితే "మా మనవరాలు వానలు లెక్కపెడ్తది" అన్నావట. అమ్మ నవ్వింది కానీ నువ్వు చెప్పింది పెద్ద తప్పేం కాదు. మా పని పాత ఆపదలను పోగుచేయడం. ఊరూరికీ పోయి, ఇక్కడ వరద ఎప్పుడొచ్చింది, గాలివాన ఎప్పుడొచ్చింది, సముద్రం ఎక్కడిదాకా వచ్చింది అని పెద్దవాళ్లను అడిగి రాసుకుంటాం. ఆ లెక్క ప్రకారం పటం మీద ఊళ్లకు రంగులు వేస్తాం. ఎర్ర రంగు పడ్డ ఊరికి ముందుగా కట్టలు బాగుచేస్తారు, పడవలు ఇస్తారు. పచ్చ రంగు పడితే ఏమీ రాదు.

ఈ రాష్ట్రం మన రంగారెడ్డి జిల్లాలో సగం ఉంటుంది తాతా. ఒకవైపు సముద్రం, ఒకవైపు కొండలు, మధ్యలో నదులు. రెండేళ్ల కింద అక్టోబరులో కర్నూలు మునిగిన రోజునే ఇక్కడ కాణకోణ అనే చోట కొండలు జారి ఇళ్ల మీద పడ్డాయి. మనం టీవీలో కర్నూలునే చూశాం, ఈ ఊరి పేరు కూడా వినలేదు.

నీకు నచ్చే సంగతి ఒకటి. నది పక్కన పొలాలకు మట్టికట్టలుంటాయి. కట్టలో తూము, తూముకు చెక్కతలుపు. సముద్రం పోటెక్కినప్పుడు ఉప్పునీళ్లు వెనక్కొచ్చి ఆ తలుపును నెట్టి మూసేస్తాయి. పోటు తగ్గాక లోపలి మంచినీళ్లే తలుపు తోసుకుని బయటికి పోతాయి. తాళం లేదు, మనిషి లేడు. అరగంట అక్కడే నిలబడి చూశాను.

ఆ తూము ఉన్న ఊళ్లో ఇరవై ఆరు ఇళ్లు తిరిగాం. అందరిదీ ఒకటే జవాబు, "వరద రాలేదు." పచ్చ రంగు వేశాను. మా పై అధికారి బాపిరాజు గారిది భీమవరం వైపు, ఉప్పెనలు చూసిన మనిషి. "ఊరంతా ఒక్కమాట చెప్పారంటే నమ్మేయడమేనా అమ్మా?" అన్నారు. చెప్పింది నమ్మకపోతే అడగడం ఎందుకని నాకు కోపం వచ్చింది.

సొంతిల్లు కొందామని నాన్న ఇరవై ఇళ్లు చూస్తే నువ్వు ఒక్కదానికి తలూపావట కదా. ఏం చూసి ఊపావు?

నీ వానల గుమాస్తా,
ప్రసన్న


మన్సూరాబాద్,
26 జూన్ 2011

బిడ్డా ప్రసన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నా కోసం, రెండోసారి మీ అమ్మ కౌసల్య కోసం గట్టిగా, మూడోసారి ఎల్‌బీనగర్ చౌరస్తాలో దీక్ష శిబిరం కాడ. అక్కడ పొద్దున ఒక గంట కూర్చుంటున్నాను. చిన్న రాష్ట్రం నడుస్తదా నడవదా అని రోజూ ఇదే పంచాయతీ. "గోవా మన రంగారెడ్డి జిల్లాలో సగమే, మా మనవరాలు రాసింది" అని లేచి చెప్పాను. చప్పట్లు కొట్టారు. మా కింది వాటాలో ఉండే గుంటూరాయన మాత్రం ఇంటికొచ్చాక "వాళ్లకి సముద్రం ఉందండీ, అందుకని నడుస్తోంది" అన్నాడు. నిజమేనా? నువ్వు రాసింది చూస్తే సముద్రం ఇచ్చేది తక్కువ, పట్టుకపోయేది ఎక్కువ లెక్క కనబడుతున్నది. కనుక్కొని రాయి.

ఆ తూము తలుపు ఏ కర్ర? ఉప్పునీళ్లలో నానితే చివకదా? ఇది మరిచిపోకు.

ఇంటి సంగతి అడిగావు. ఇక్కడినుంచి రెండు మైళ్లు లోపలికి, కొత్త కాలనీ. ముందర గది నేల ఇంకా గచ్చు చేయలేదు. నాకు అదే నచ్చింది. ఊళ్లో మగ్గం వదిలి పదహారేండ్లు అయింది, పట్నంలో ఉన్నన్నాళ్లు మేడమీద కిరాయి ఇండ్లు. మేడమీద గుంట ఎట్ల తవ్వుతాం? ఇంటాయనను అడిగితే "కొనేది మీరే గదా, తవ్వుకోన్రి" అన్నాడు. రోహిణి ఎండల్లో కూలీ మనిషిని పెట్టి నడుం లోతు తవ్వించాను. మట్టి ముద్దలాగ చేతికి అంటింది! నువ్వు చిన్నప్పుడు నా పక్కన కూర్చునేదానివి, గుర్తుందో లేదో. నేత మనిషి కాళ్లు గుంటలో ఉంటాయి, గుంట పొడిగా ఉంటే పడుగు పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతాయి. కింద తడి ఉంటే పోగు సాగుతుంది. అంత మంచి గుంట మన ఊళ్లో కూడా నాకు దొరకలేదు. "గిదే తీస్కో రా" అని మీ నాయనతో చెప్పాను. మారు మాట్లాడలేదు, వారంలో అగ్రిమెంటు రాసుకున్నాడు. రిజిస్ట్రేషన్ సెప్టెంబరులో.

ఇక నీ ఇరవై ఆరు ఇండ్లు. బాపిరాజు గారు చెప్పింది ఆలోచించు. మన ఊళ్లో ఏటా శ్రావణంలో గుంటల్లోకి నీళ్లు ఊరేవి. రెండు నెలలు నేత బంద్. నూలు అటకెక్కించి, పస్తులుండి కూర్చునేవాళ్లం. అప్పుడు నీలాంటి పిల్ల కాగితం పట్టుకొని వచ్చి "మీ ఊరికి వరదొచ్చిందా" అంటే ఏం చెప్తాం? రాలేదు అనే చెప్తాం. వరదంటే బర్లను, మనుషులను కొట్టుకపోయేది. గుంటలోకి వచ్చేది ఊట. నువ్వు నీళ్లను అడుగుతున్నావు. సామాన్లను అడుగు. ఏ నెలలో ఏది పైకి ఎక్కిస్తారు, దాన్ని అడుగు.

చెవులు పోయినా చేతిరాత పోని
మీ తాత, కోదండం


పణజి,
11 జూలై 2011

తాతా!

మా ఆఫీసులో నీ ఉత్తరం గోడకు అంటించారు. బాపిరాజు గారు దాన్ని చదివి "మీ తాతగారిని ఇక్కడికి పంపించెయ్, నువ్వెళ్లి మగ్గం నెయ్" అన్నారు.

మళ్లీ ఆ ఊరికి వెళ్లాను. మొదటి ఇల్లు పియదాద్ అనే అవ్వది. డెబ్భై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటుంది. వరద మాటే ఎత్తకుండా, వానాకాలానికి ఇంట్లో ఏమేం సర్దుకుంటారని అడిగించాను. ఆమె మొహం ఇంత చేసుకుని ఇల్లంతా తిప్పి చూపించింది. జూన్ నెలాఖరు పండగకు ముందే బియ్యం డబ్బా అటకెక్కుతుంది. పందిపిల్లలు గుట్టమీది చెల్లెలి ఇంటికి పోతాయి. ఆగస్టు వస్తే మంచం కోళ్ల కింద నాలుగేసి ఇటుకలు. తలుపు చెక్క మీద నా ఛాతీ ఎత్తున నల్లగా ఒక గీత ఉంది, దాని మీద ఏసుప్రభువు పటం కప్పి ఉంచింది. "అంటే నీళ్లొస్తాయా?" అన్నాను. "వస్తాయి, పోతాయి" అంది. "మరి వరద?" అంటే, తన చిన్నతనంలో కట్ట తెగి అక్క కొట్టుకుపోయిన ఏడు ఒక్కటే వరద అట. మిగతావి నీళ్లు.

సిగ్గేసింది తాతా. పచ్చ రంగు కొట్టేసి ఎర్ర రంగు వేశాను. ఇంకో ఆరు ఊళ్లు మళ్లీ తిరగాలి.

గుంటూరాయనకు చెప్పు, సముద్రం చేపలు ఇస్తుంది, టూరిస్టులను ఇస్తుంది, కొన్నిచోట్ల ఒడ్డును కోసుకుపోతుంది. లెక్క సరిచూసే తెలివి నాకింకా రాలేదు. తలుపు కర్ర పేరు మత్తి అన్నారు. నానేకొద్దీ గట్టిపడుతుందట.

ఇప్పుడొక మాట. నాలుగు రోజులుగా నీ గుంట నా బుర్రలో తిరుగుతోంది. హైదరాబాదులో, రోహిణి ఎండల్లో, నడుం లోతులో తడా? మన కాలనీలో బోరు నాలుగు వందల అడుగులు వేసినా మేలో గాలే వస్తుంది కదా. అక్కడ ఇళ్లు కట్టకముందు ఏముండేదో ఎవరినైనా అడిగావా? నాకెందుకో ఆ గుంట మంచిదనిపించడం లేదు. మగ్గం ఇప్పుడే పెట్టకు. నీ జవాబు వచ్చేదాకా నాన్నను కూడా ఆగమని చెప్పు.

ప్రసన్న


మన్సూరాబాద్,
25 జూలై 2011

ప్రసన్నకు,

నీ ఉత్తరం అందింది. పైన పొగడ్తలు, కింద అసలు సంగతి. ఇట్ల రాయడం మీ అమ్మ నేర్పిందా, మీ నాయన నేర్పిండా?

నాకు తెలుసు బిడ్డా. ముసలాయన మగ్గం పెడితే ఇంటికొచ్చినవాళ్లు ఏమనుకుంటారో అని వాళ్లకు నామోషీ. మీ నాయన దుకాణంలో అమ్మేదంతా సూరత్ చీరలు. ముందర గదిలో సోఫా ఉండాలిగానీ మగ్గం ఉంటే బాగుండదు. నా మొహం మీద చెప్పలేక గోవానుంచి చెప్పిస్తున్నారు. మొన్న మీ అమ్మతో "పోరి నీతోటి ఏమన్నదే?" అన్నాను. "నాకేం ఎరుక మామా" అంటూ వంటింట్లోకి పోయింది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

యాభై ఏండ్లు గుంటలో కాళ్లు పెట్టుకొని బతికినవాణ్ణి. నువ్వు ఏడాదిగా పటాలకు రంగులు వేస్తున్నావు. ఏ గుంట మంచిదో నాకు నువ్వు చెప్తావా? ఊరినుంచి మగ్గం తెప్పించాను. శ్రావణ శుక్రవారం పెడుతున్నాను. నీ పటంలో మీ తాతకు ఎర్ర రంగు వేసుకో.

మత్తి అంటే మన నల్లమద్దేమో. ఆకు ఎట్ల ఉంటుందో చూసి రాయి.

కోదండం


పణజి,
6 ఆగస్టు 2011

తాతా,

నీ సంతకం పక్కన "మీ తాత" లేదు. ఏడుపొచ్చింది. ఆఫీసులో ఏడవడం బాగుండదని తూము దగ్గరికి పోయి ఏడ్చాను.

నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు. అమ్మతో నెలరోజులుగా నీ మగ్గం మాటే రాలేదు. నాన్నతో నేను మాట్లాడేదే తక్కువ. నువ్వు మళ్లీ నేయాలని నాకంటే ఎవరికి ఎక్కువ ఉంటుంది? నేను ఒంటికి చుట్టుకున్న మొదటి చీర నువ్వు నేసిందే.

సామాన్లను అడుగు అని నాకు నేర్పింది నువ్వు. నేర్పినవాడినే అడగకూడదా? ఆ కాలనీలో వాళ్లు వానాకాలంలో ఏం పైకెక్కిస్తారో చూడు తాతా. వీధిలో వాన నీళ్లు ఎటు పోతాయో చూడు. ఆ ఊరి పాత మనిషి ఎవరైనా దొరికితే, ఇళ్లు లేనప్పుడు ఇక్కడ ఏం పండించేవాళ్లని అడుగు. అవన్నీ చూశాక కూడా గుంట మంచిదే అని నువ్వంటే, వచ్చి నీ పక్కన కూర్చుని కండెలు చుడతాను.

ఆకు ఈ ఉత్తరంలో పెట్టాను. నల్లమద్దేనా?

నీ ప్రసన్న


మన్సూరాబాద్,
30 ఆగస్టు 2011

ప్రసన్నా,

జవాబు రాయవద్దనుకున్నాను. కానీ ఆకు చూశాక ఉండలేకపోయాను. నల్లమద్దే. మన ఊళ్లో బండి చక్రాలకు వాడేది. అక్కడ సముద్రాన్ని ఆపుతున్నదంటే ఆశ్చర్యంగా ఉంది.

మగ్గం పెట్టాను. మూడు బారల పడుగు ఎక్కించాను. చేతులు మరిచిపోలేదు, నడుమే మరిచిపోయింది. రోజూ అన్నం తిన్నాక షేర్ ఆటోలో పోయి సాయంత్రం దాకా కూర్చుంటున్నాను.

నీకు అబద్ధం రాయను. గుంటలోకి నీళ్లు వస్తున్నాయి. వానాకాలం కదా, ఊట. నేను ఇంటికి వచ్చే వేళకు పిక్కల దాకా ఉంటాయి. పది బొక్కెన్లు తోడి వస్తాను, మళ్లీ అంత ఊరుతాయని తెలిసే. కానీ వింత విను. మర్నాడు పోయి చూస్తే గుంట అడుగు కనబడుతుంది! ఒక్కోరోజు చీపురుతో ఊడ్చినట్టు ఉంటుంది. వాన పడ్డా అంతే. సాయంత్రం వచ్చిన నీళ్లు తెల్లారేసరికి వాటంతటవే ఇంకిపోతున్నాయి. నీ గోవా తూము తలుపులాగ ఈ నేలకు కూడా ఏదో లోపలి తలుపు ఉన్నట్టుంది. నువ్వు చదువుకున్నదానివి, దీని సంగతి చెప్పు. ఇట్లాంటి నేలను ఎర్ర రంగు అంటావా?

నీళ్ల మాట మీ నాయనకు చెప్పలేదు. నువ్వూ చెప్పకు. నామోషీ ఉన్నా నా మాట మీద ఇల్లు తీసుకున్నాడు. ఇప్పుడు గుంటలో నీళ్లని తెలిస్తే పరేషాన్ అవుతాడు. రిజిస్ట్రేషన్ సెప్టెంబరు ఇరవై ఒకటిన. అతనికి షుగర్ కొద్దిగా పెరిగిందట, రోజూ పొద్దున ఐదింటికే లేచి వాకింగ్ పోతున్నాడు. మంచిదే.

మీ తాత (కోపం సగం పోయింది)
కోదండం


పణజి,
16 సెప్టెంబర్ 2011

తాతా,

నీ వింతను బాపిరాజు గారికి చూపించాను. ఆయన కాగితం మీద గుంట బొమ్మ వేసి, చుట్టూ గీతలు గీసి, పెన్ను కింద పెట్టేశారు. "పక్క నేలంతా నీళ్లతో నిండి ఉంటే గుంటలో నీళ్లు ఎక్కడికింకుతాయమ్మా? ఇంకిపోయేవైతే అసలు ఊరవు కదా" అన్నారు. నేను మూడు రోజులు ఆలోచించాను. నాకూ అంతే తోస్తోంది. తూము తలుపు మూసుకోవడానికి అవతల పోటు ఉంది. నీ గుంటలో నీళ్లు పోవడానికి ఏముంది? పైగా ఊడ్చినట్టు ఉంటుందన్నావు. ఇంకిపోయిన గుంట అడుగున బురద పేరుకుంటుంది కానీ ఊడ్చినట్టు ఉండదు.

నువ్వు రోజూ మధ్యాహ్నం పోతున్నావు. ఒక్కరోజు తెల్లవారగానే పోయి చూడు. నీళ్లు పోయేటప్పుడు కళ్లారా చూస్తే ఎటు పోతున్నాయో తెలుస్తుంది. రిజిస్ట్రేషన్‌కు ముందే పో. ఇంకేం అడగను.

ఇక్కడ టీవీలో సకల జనుల సమ్మె చూపిస్తున్నారు. రైళ్లు కూడా ఆగుతాయంటున్నారు. ఈ ఉత్తరం ఇరవై ఒకటి లోపల చేరాలని మొక్కుకుంటున్నాను. ఫోన్లో నాన్నకు చెప్పేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. చెప్పకని నువ్వన్నావు. భయంగా ఉంది.

ప్రసన్న


మన్సూరాబాద్,
14 అక్టోబర్ 2011

ప్రసన్నా, తల్లీ,

నీ ఉత్తరం ఇరవై నాలుగు రోజులు ప్రయాణం చేసింది. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు ఉంటే ఉన్నది లేకుంటే లేదు. మొన్న సోమవారం చేతికొచ్చింది. కంగారుపడకు, రిజిస్ట్రేషన్ కాలేదు. సమ్మెతో ఆఫీసుకు తాళం పడింది. ఇరవై ఒకటిన మీ నాయన కాగితాలు పట్టుకొని పోయి తిరిగొచ్చాడు. నేను శిబిరంలో కూర్చున్నది రాష్ట్రం కోసం, అది వచ్చేలోపల సమ్మె నా కొంప నిలబెట్టింది.

మంగళవారం చీకటితో లేచాను. ఆటోలు దొరకలేదు, నడిచే పోయాను. కాలనీకి చేరేసరికి తెల్లగా తెల్లారింది. గేటు తీసి ఉంది. లోపల మీ నాయన స్కూటర్ ఉంది. నాకు చెవులు ఉంటే బయటనే తెలిసేది. లేవు కాబట్టి నేరుగా ముందర గదిలోకి పోయాను.

మీ నాయన ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి నా గుంటలో నిలబడి ఉన్నాడు. బొక్కెనతో నీళ్లు ముంచి గుంట అవతలి తలుపులోంచి బయటికి విసురుతున్నాడు. వీపు నావైపు ఉంది, నన్ను చూడలేదు. నేను గోడకానుకొని తొమ్మిది బొక్కెన్లు లెక్కపెట్టాను. అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది, నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇరవై ఏండ్ల వయసులో వాడు నాతో కొట్లాడి, ఈ గుంటలో జన్మలో కాలుపెట్టనని చెప్పి దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరాడు. ఆ మాట నేను ముప్ఫై ఏండ్లు మనసులో పెట్టుకున్నాను.

పదో బొక్కెనకు ఇటు తిరిగాడు.

"నాయినా! గింత పొద్దుగాల నువ్వేంది గీడ?"

"వాకింగ్" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. బొక్కెన కింద పెట్టి మొహం తుడుచుకున్నాడు. నాకు వినబడాలని అరిచి చెప్పాడు, పక్కిండ్ల వాళ్లంతా కిటికీల్లోకి వచ్చారు. ఆగస్టులో ఒకరోజు నా ధోతి అంచు తడిగా ఉందని మీ అమ్మ చూసిందట. మీ నాయన వచ్చి గుంట చూశాడట. "గిన్నేండ్లకు నువ్వు మగ్గం మీద గూసున్నవ్. ఆ సంబురం జూసినంక నీళ్లొస్తున్నయని ఎట్ల జెప్పాలె?" అన్నాడు. రెండు నెలలుగా రోజూ పొద్దున వచ్చి తోడుతున్నాడు, నేను అన్నం తిని వచ్చేలోపల దుకాణంనుంచి ఇంకోసారి వచ్చి తోడిపోతున్నాడు. షుగర్ లేదు, వాకింగ్ లేదు. నేను సాయంత్రం పది బొక్కెన్లు, వాడు దినానికి నలభై. ఇదీ ఆ నేలకున్న లోపలి తలుపు.

నాకు దుఃఖం వచ్చింది బిడ్డా. గుంట అంచున కూర్చుండిపోయాను.

ఆ అరుపులకు వచ్చినవాళ్లలో మట్టయ్య అని ఒక ముసలాయన ఉన్నాడు. ఆ ఊరి నీరటి, అంటే చెరువు తూము తెరిచి పొలాలకు నీళ్లు వదిలిన మనిషి. గుంటలోకి తొంగి చూసి నన్ను అడిగాడు.

"పెద్దమనిషీ, నువ్వు మగ్గం ఏడ వెట్టినవో ఎరికేనా? గిది చెరువు అలుగు కింది మడుగు. నడి ఎండాకాలం గూడ గీడ బర్లు బురదల పండేటియి."

"మరి వరదొచ్చిందా ఎన్నడన్న?" నీ ప్రశ్న నేనే అడిగాను.

"రెండువేల సంవత్సరంల ఆగస్టుల గీడ నా నెత్తి మీదికెళ్లి పోయినయ్ నీళ్లు. అప్పుడు ఇండ్లు లేవు గదా, ఎవ్వరు రాసుకోలె."

ఆ మాట నీ కాగితం మీద రాసుకో. ఇండ్లు లేవు కాబట్టి ఎవ్వరూ రాసుకోలేదు. బురదలో బర్లు పడుకునే చోటును నేను చల్లటి గుంట అని మెచ్చుకున్నాను. పోగు తెగదా అని చూశానుగానీ, మనుషులు ఎక్కడ పడుకుంటారని చూడలేదు. తప్పు నాది. నీ మీద కోపం చేసుకోవడం ఇంకా పెద్ద తప్పు. మీ నాయన ఎదుట కూడా ఒప్పుకున్నాను.

"గీ ఇల్లు నాకొద్దు రా నరేషూ" అన్నాను.

"నాకు గూడ వద్దు నాయినా" అన్నాడు. "మొదటిసంది వద్దు. దుకాణానికి దూరం, బస్సు లేదు. నీ మగ్గానికని ఒప్పుకున్న."

"నీకు నచ్చిందనుకొని గుంటను ఇంకింత మెచ్చుకున్న రా నేను" అన్నాను.

మేము ఈ మాటలు మాట్లాడుకునేలోపల నీళ్లు మళ్లీ వాడి పాదాలు మునిగేదాకా వచ్చాయి. పైన వాన చుక్క లేక పది రోజులైంది.

ఇంటాయనతో మాట్లాడాము. గొణిగాడు, ఒప్పుకున్నాడు. గుంట పూడ్చి పొమ్మన్నాడు. పూడ్చనన్నాను. తరువాత ఇల్లు చూడవచ్చేవాళ్లు కూడా చూడాలి కదా. మగ్గం విప్పి తెచ్చి ఇక్కడ డాబా మీద తాటిపత్రి కప్పి పెట్టాను. గుంట అవసరం లేని స్టాండు మగ్గం చూద్దామని మీ నాయన అంటున్నాడు. దాన్ని నేను మగ్గం అనను, అయినా చూసొస్తానన్నాను.

మిగతా ఇండ్లవాళ్లు అక్కడే ఉన్నారు, వాళ్లెక్కడికి పోతారు? నిన్న నేనూ మట్టయ్యా కాగితం పట్టుకొని తిరిగాము. నీళ్ల సంగతి అడగలేదు, సామాన్లను అడిగాము. పదకొండు ఇండ్లలో తొమ్మిదింటిలో ఫ్రిజ్జు ఇటుకల మీద ఉంది. ఒక ఇంట్లో ఆడమనిషి "మా దగ్గర నీళ్లేం రావు తాతా" అంటూనే, మొగుడు దుబాయిలో ఉన్నాడని, ఫోన్లో అతనికి ఏమీ చెప్పలేదని ఏడ్చింది. ఆ కాగితం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మీ ఆఫీసు గోవాది, ఇది నీ పటంలోకి రాదని తెలుసు. అయినా ఎర్ర రంగు వేసి నీ దగ్గర ఉంచు.

మీ ఫారంలో ఇంకొక ప్రశ్న చేర్చమని బాపిరాజు గారితో చెప్పు. అన్నింటికంటే ముందు చేర్చమని చెప్పు. ఈ ఇంట్లో ఎవరు, ఎవరికి తెలియకుండా నీళ్లు తోడుతున్నారు? ఆగస్టులో నన్నో మీ నాయననో ఎవరైనా అది అడిగి ఉంటే, మా ఇద్దరి నడుములూ దక్కేవి.

మీ తాత,
కోదండం